నానమ్మ దగ్గుకు ఏ పొగ కారణం?

ప్రశ్న: మా అత్తగారికి 62 ఏళ్లు. చుట్ట, బీడీ ఎరుగరు. రెండేళ్లుగా దగ్గు, పొద్దున్నే కఫం, మెట్లెక్కితే ఆయాసం. పెరట్లో రేకుల పంచలో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచడం, పప్పు ఉడికించడం ఇప్పటికీ ఆవిడే. గ్యాసు ఉంది గాని పొదుపుగా వాడతాం. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి, "అసలు విషం లారీల పొగ. కరెంటు బళ్లు వచ్చి చమురు బావులు మూతపడితే నానమ్మ దగ్గూ పోతుంది" అంటాడు. నిజమేనా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. డీజిలు పొగ ఊపిరితిత్తులకూ, గుండెకూ చేటే. అయితే బావులు మూతపడకుండానే బళ్ల పొగలో విషం కొంత తగ్గింది. పిల్లల బుద్ధిని మందగింపజేసే సీసాన్ని పెట్రోలులో కలపడం మన దేశంలో 2000లో మానేశారు. 2020 ఏప్రిల్ నుంచి పెట్రోలు, డీజిలులో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించకూడదు. అంతకు ముందు 50 దాకా ఉండవచ్చు.

చమురు వాడకం తగ్గవలసిందే, కాదనను. కాని అది దశాబ్దాల పని. మనం వాడే ముడి చమురులో నూటికి 80 పాళ్లకు పైగా పైదేశాల నుంచే వస్తోంది. పైగా మీరు పొదుపు చేస్తున్న వంటగ్యాసు కూడా చమురు శుద్ధి చేసేటప్పుడూ, బావుల్లోని సహజవాయువు నుంచీ వచ్చేదే! కరెంటు పొయ్యిలు ఇంటింటా రాకముందే బావులు మూసేస్తే, ఎంతమంది కోడళ్లు మళ్లీ కట్టెల ముందు కూర్చోవలసి వస్తుందో మీ అబ్బాయిని లెక్క వేయమనండి.

ఈలోగా మీ అత్తగారి ఊపిరితిత్తులు ఆగవు. రోడ్డు మీది పొగ గాలికి చెదిరి పలచబడి ఇంట్లోకి వస్తుంది. పొయ్యి పొగ మూరెడు దూరం నుంచి తిన్నగా ముక్కులోకే పోతుంది. పెరట్లోనే కదా అని ధైర్యపడకండి, రేకుల కింద పొగ నిలుస్తుంది. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే సూక్ష్మ రేణువులు ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. మండే కట్టెల ముందు అది వందల్లోకి పోతుంది. ముప్పై, నలభై ఏళ్లు ఆ పొగ పీల్చినవారికి, బీడీ ముట్టకపోయినా, శ్వాసనాళాలు ఇరుకైపోయే జబ్బు రావచ్చు. దాన్ని సి.ఓ.పి.డి. అంటారు.

అదే జబ్బని ఉత్తరం చూసి నేను తేల్చలేను. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందుగా క్షయ లేదని తేల్చుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. ఛాతీ ఎక్స్‌రే తీయించండి. గొట్టంలోకి బలంగా ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష తప్పనిసరి. షాపులో అడిగి తెచ్చే దగ్గు సిరప్పులు ఆపండి. పీల్చే మందు రాస్తే "అలవాటైపోతుంది" అని భయపడి మానిపించవద్దు. కఫంలో నెత్తురు పడినా, పెదవులు నీలంగా మారినా, పాదాలు వాచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పొయ్యి మాత్రం పరీక్షల దాకా ఆగనక్కర్లేదు. పప్పు రేపటి నుంచే కుక్కరులో, గ్యాసు మీద పెట్టండి. నీళ్లకు కరెంటు హీటరు కొనండి. ఆ డబ్బు ఆయాసం మందుల కన్నా తక్కువే. ఎన్నాళ్ల అలవాటో గనుక అత్తగారు ఒప్పుకోకపోవచ్చు. ఆ నచ్చజెప్పే పని మనవడికి అప్పగించండి. పరీక్షల కాగితాలు చేతికొచ్చాక మళ్లీ రాయండి.