పాస్ట్రమీకి పీఠాధిపతులెందుకు?

తిండి తగువులన్నిటికీ ఒకటే చరిత్ర. ముందు ఆకలేసినవాడొకడు దొరికిన దానితో ఏదో చేసుకుని తింటాడు. అది రుచిగా కుదురుతుంది. అక్కడితో ఆగితే బాగుండును. రెండు తరాలు గడిచాక కడుపు నిండినవాడొకడు వచ్చి, దాన్ని ఎక్కడ తినాలి, ఎలా తినాలి, ఎక్కడ తింటే తిన్నట్టు కాదు అని ధర్మశాస్త్రం రాసి పెడతాడు. హైదరాబాదు బిరియానీకి పట్టిన గతి అదే. అమెరికాలో పాస్ట్రమీకి పట్టిన గతీ అదే.

పాస్ట్రమీ పేరు వినని వారి కోసం నాలుగు మాటలు. అది గొడ్డు మాంసంతో చేసే పదార్థం. ఈ మాట చదవగానే పేజీ తిప్పబోతున్న వారికో మనవి. తినేవారు తింటారు, తినని వారు తినరు. తినని వారి కోసం అదే మసాలా దట్టించిన టర్కీ కోడి పాస్ట్రమీ కూడా అమ్ముతారు. నా తగువు మాంసం గురించి కాదు, ఆ మాంసానికి కట్టబెట్టిన మడి గురించి. మడి గురించి మాట్లాడే అర్హత మన తెలుగువాళ్ళకి కాక ఇంకెవరికుంటుంది చెప్పండి?

చేసే పద్ధతి ఇదీ. ఉప్పు, పంచదార, వెల్లుల్లి వేసిన నీళ్ళలో మాంసాన్ని వారం పది రోజులు ఊరబెడతారు. ఆ నీళ్ళలో కాస్త నైట్రైట్ ఉప్పు కూడా పడుతుంది. ఉడికాక కూడా ముక్క గులాబి రంగులో మెరుస్తుందంటే దాని పుణ్యమే. ఊరిన మాంసానికి కచ్చాపచ్చాగా దంచిన మిరియాలూ ధనియాలూ దట్టంగా పట్టించి పొగ వేస్తారు. ఆఖరున గంటల తరబడి ఆవిరి మీద ఉడికించి, పీచుకి అడ్డంగా కోసి, రై రొట్టె ముక్కల మధ్య గుట్టగా పేర్చి, ఆవాల ముద్ద పూసి చేతిలో పెడతారు. పక్కన ఉప్పునీటిలో ఊరిన కీరా దోసకాయ ఒకటి. మిరియాలు, ధనియాలు, ఆవాలు, ఊరగాయ! సరంజామా చూస్తే మన వంటింటి గూట్లోంచి ఎత్తుకెళ్ళినట్టు లేదూ?

ఈ పదార్థం పుట్టిల్లు డెలీ. డెలికటెసెన్ అనే పొడుగాటి పేరుకి అది ముద్దుపేరు. తూర్పు యూరప్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన యూదులు న్యూయార్కులో పెట్టుకున్న దుకాణాలవి. సగం మాంసం కొట్టు, సగం హోటలు. ఇక్కడ మొదలవుతుంది పీఠాధిపతుల వాదన. పాస్ట్రమీ తినాలంటే డెలీకే వెళ్ళాలిట. అందులోనూ ఫలానా వీధిలో ఫలానా డెలీకే వెళ్ళాలిట. చందా కట్టి లోపలికి వెళ్ళే గోడౌను కొట్లో, టైర్ల వరసకీ సబ్బుల వరసకీ అవతల, చలిపెట్టెలో ప్లాస్టిక్ సంచీలో దొరికేది పాస్ట్రమీయే కాదుట. దాన్ని ఇంటికి తెచ్చుకుని తిని "బాగుంది" అన్నవాడికి నాలుకే లేదుట.

ఈ మాటలు విని తలూపేవాళ్ళలో మనవాళ్ళూ వున్నారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కాస్ట్‌కో బండి తోసుకుంటూ బియ్యం బస్తా, బాదంపప్పు, పాలడబ్బాలు నింపుకునే చేతులే, పాస్ట్రమీ పొట్లం దగ్గరికి రాగానే వెనక్కి పోతాయి. "అబ్బే, అది అసలుది కాదండీ" అంటారు. అసలుదేదో ఎవరు చెప్పారయ్యా అంటే, న్యూయార్కు వెళ్ళొచ్చినవాడెవడో చెప్పాడు. దూరపు కొండలు నునుపు, దూరపు డెలీలు మెత్తన.

సరే, అసలు సంగతే చూద్దాం. పాస్ట్రమీ అన్న మాట రుమేనియా నుంచి వచ్చింది. అక్కడికి టర్కీ నుంచి వచ్చిందంటారు. టర్కీ భాషలో పాస్తిర్మా అంటే నొక్కి పెట్టిన మాంసం. మాంసాన్ని ఉప్పేసి, నొక్కి, ఆరబెట్టి నిలవ చేసుకునే వుపాయమది. రుమేనియాలో యూదులు దీన్ని బాతు మాంసంతో చేసుకునేవారు, గొర్రె మాంసంతోనూ చేసేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర వాళ్ళు న్యూయార్కులో దిగేసరికి అక్కడ బాతు ప్రియం, గొడ్డు మాంసం చవక. అందులోనూ పొట్ట దగ్గరి కొవ్వు మాంసం మరీ చవక. దాంతో సరిపెట్టుకున్నారు. అమెరికా పాస్ట్రమీ అలా పుట్టింది. అంటే ఏమన్నమాట? ఇవాళ పీఠాధిపతులు పూజించే డెలీ పాస్ట్రమీయే ఒకనాడు సరిపెట్టుకున్న సరుకు. రుమేనియాలో వుండిపోయిన అమ్మమ్మ దాన్ని చూసి వుంటే, "ఇదేం పాస్ట్రమీరా నా తండ్రీ!" అని ముక్కున వేలేసుకునేది.

ఆ మాటకొస్తే తొలి పాస్ట్రమీ శాండ్‌విచ్ చేసిందెవరన్నదే తేలలేదు. సుస్మన్ వోల్క్ అనే మాంసం వ్యాపారి 1887లో చేశాడని అతని కుటుంబం చెప్పుకుంటుంది. రుమేనియా మిత్రుడొకడు తన సామాను వోల్క్ దగ్గర దాచిపెట్టి, అద్దె కింద పాస్ట్రమీ చేసే కిటుకు చెప్పాడట. 1888లో పుట్టామని చెప్పుకునే కాట్జ్ డెలీ వాళ్ళు ఈ కథని ఒప్పుకోరు. పుట్టుకే కోర్టులో నలుగుతున్న పదార్థానికి కులగోత్రాలు అడిగేదెవరు?

ఇంకో సంగతి. మన దగ్గర ఇంట్లో వండింది అసలు, కొట్లో కొన్నది నకలు. కొట్టు ఆవకాయకి ఎంత పేరొచ్చినా "మా అమ్మ పెట్టిన దానిలా ఎక్కడొస్తుంది?" అంటాం. పాస్ట్రమీ దగ్గర ఇది తలకిందులైంది. అక్కడ కొట్టుదే అసలు, ఇంటిది నకలు. కారణం లేకపోలేదు. ఇరుకు గదుల్లో పదిమంది కాపరం వుండే రోజుల్లో ఎవరు కుండ నిండా మాంసం పది రోజులు ఊరబెడతారు? ఎవరు పొగ వేస్తారు? అందుకని ఆ పని కొట్టు చేసింది. ఒప్పుకుంటాను. కానీ అప్పడాల సంగతేమిటి? పిండి కలపడం, వత్తడం, ఎండబెట్టడం ఎవరో చేస్తారు. మనం పొట్లం కొని తెచ్చుకుని నూనెలో వేయించుకుంటాం. దాన్ని ఎవరైనా "కొట్టు భోజనం" అంటారా? అప్పడం పొంగిందా, మాడిందా అన్నది మన మూకుడి దగ్గర తేలుతుంది, కొట్టువాడి దగ్గర కాదు. పాస్ట్రమీ పొట్లమూ అంతే. ఊరబెట్టడం, మసాలా, పొగ అయిపోయి వస్తుంది. మిగిలింది ఆవిరి. ఆ చివరి మెట్టు దగ్గరే పాస్ట్రమీ బతకడమో చావడమో జరుగుతుంది.

ఇక్కడ పీఠాధిపతుల్ని వదిలి రెండో పక్షాన్ని పట్టుకోవాలి. గోడౌను కొట్టు పాస్ట్రమీకి చెడ్డపేరు తెచ్చింది గోడౌను కొట్టు కాదు, దాన్ని ఇంటికి తెచ్చుకున్న బద్ధకస్తులు. పొట్లం చించి, చల్లటి ముక్కల్ని చల్లటి తెల్ల రొట్టెలో పెట్టి, నిలబడి నమిలి, "చెప్పులా వుంది" అంటారు. ఇంకొకరు మైక్రోవేవ్‌లో పడేసి రెండు నిమిషాలు తిప్పుతారు. మాంసంలో వున్న కాస్త తడీ ఆవిరై పోతుంది, అంచులు బిరుసెక్కుతాయి. పచ్చి అప్పడం నమిలి అప్పడాలవాణ్ణి తిట్టడం లాంటిది ఇది.

అయ్యా, ఆవిరి మహిమ తెలియడానికి మనకి న్యూయార్కు చదువు కావాలా? పొద్దున లేస్తే ఇడ్లీ తినే జాతి మనది. అమెరికాలో ఏ తెలుగింటి అటక దించినా ఇడ్లీ పాత్ర వుంటుంది. డెలీల్లో వున్న మహాయంత్రం అంతకన్నా పెద్ద ఇడ్లీ పాత్రే. అడుగున నీళ్ళు మరగనివ్వండి. కోసి వచ్చిన ముక్కలైతే వాటిని పరిచినట్టు కాకుండా వదులుగా పోగేసి పళ్ళెంలో పెట్టి, మూత వెయ్యండి. అవి ముందే ఉడికినవి కనక అయిదారు నిమిషాలు చాలు. తెల్లటి కొవ్వు అద్దంలా మారగానే దించెయ్యాలి. కొయ్యని దుంగ దొరికితే మరీ మంచిది. దానికి రెండు మూడు గంటలు ఓపిక పట్టాలి. ఆ ఓపికలోనే కిటుకంతా వుంది. మాంసం పీచుల్ని పట్టి వుంచే గట్టి పదార్థం నెమ్మదిగా కరిగి జిగురవుతుంది. అప్పుడు కత్తికి పదునుపెట్టి, పీచుకి అడ్డంగా, మీకు కావలసిన మందాన కోసుకోండి. రొట్టెనీ వట్టిగా వదలకండి. లాస్ ఏంజెలిస్‌లో 1947 నుంచీ వున్న లాంగర్స్ డెలీ పేరు మోసిందంటే సగం మాంసం వల్ల, సగం రొట్టె వల్ల. కొని తెచ్చిన రై రొట్టెని వాళ్ళు మళ్ళీ పొయ్యిలో పెట్టి పైపెచ్చు కరకరలాడించి అప్పుడు కోస్తారు. ఈ పని చెయ్యడానికి మీ ఇంట్లో పొయ్యి లేదా?

న్యాయం న్యాయమే. గోడౌను సరుకులో లోపాలున్నాయి. ముక్కలు యంత్రం కోసినవి, పల్చన. కొవ్వు తక్కువ. కొవ్వు తగ్గితే ఒంటికి మంచిదేమో గాని పాస్ట్రమీకి మంచిది కాదు. కాట్జ్‌లో కత్తి పట్టుకున్న మనిషి కోస్తూ కోస్తూ రుచి చూడమని ఒక ముక్క పళ్ళెంలో పెట్టి ముందుకి తోస్తాడు. ఏ గోడౌనూ ఆ మర్యాద చెయ్యదు. వెళ్ళగలిగినవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, తినండి. వద్దనడానికి నేనెవర్ని? కాని వెళ్ళలేనివాడు తినకూడదనడానికి నువ్వెవరు అనే నా ప్రశ్న.

ఇది వట్టి రుచి తగువు కాదు, జేబు తగువు కూడా. పేరున్న డెలీలో ఒక్క శాండ్‌విచ్ ఇవాళ పాతిక డాలర్ల చుట్టుపక్కల వుంది. ఇద్దరు పిల్లలున్న సంసారం వెళ్ళి, మంచినీళ్ళు తాగి లేచినా వంద డాలర్లు. కూలీనాలీ చేసుకునేవాళ్ళు చవక మాంసంతో కడుపు నింపుకోవడానికి పుట్టిన తిండి ఇది. అది పండగ తిండి, యాత్ర తిండి అయి కూర్చుంది. దాన్ని మళ్ళీ మామూలు ఇంటి రాత్రి భోజనంలోకి దించినందుకు గోడౌను కొట్టుని తిట్టడం ఏం న్యాయం?

"మీరంతా ఇంట్లో తింటే డెలీలు మూతపడవా?" అని కన్నీళ్ళు పెట్టుకుంటారు కొందరు. డెలీలు మూతపడుతున్న మాట నిజం. 1930లలో న్యూయార్కులో వెయ్యికి పైగా వుండేవి, ఇప్పుడు పదుల్లోకొచ్చాయి. 1937లో పెట్టిన కార్నెగీ డెలీ 2016 ఆఖరి రోజున తలుపులు మూసింది. కాని ఆ పాపం పొట్లానిది కాదు. గోడౌను కొట్లకి మూలపురుషుడనదగ్గ ప్రైస్ క్లబ్ పుట్టిందే 1976లో. అప్పటికే పిల్లలు చదువుకుని శివార్లకి వెళ్ళిపోయారు, కత్తి పట్టే వారసులు తగ్గారు, అద్దెలు పెరిగాయి. పోయే ప్రాణానికి కారణం వెతుకుతూ గుమ్మంలో వున్నవాడి మీద పడితే ఎలా?

అన్నట్టు ఆ ప్రైస్ క్లబ్ పెట్టిన సోల్ ప్రైస్ ఎవరో తెలుసా? 1916లో న్యూయార్కు బ్రాంక్స్‌లో, రష్యా నుంచి వలస వచ్చిన యూదు దంపతులకి పుట్టినవాడు. అతని దగ్గర పని నేర్చుకున్న జిమ్ సినెగల్, జెఫ్రీ బ్రాట్‌మన్‌తో కలిసి 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో తెరిచాడు. పదేళ్ళకి, 1993లో, రెండూ కలిసిపోయాయి. కనక డెలీ వాళ్ళకీ గోడౌను వాళ్ళకీ బీరకాయ పీచు చుట్టరికమైనా వుంది. చుట్టాల మధ్య మనమెందుకు తంపులు పెట్టడం?

ఇంకో తమాషా. కాట్జ్ వాళ్ళే పాస్ట్రమీని పెట్టెల్లో కట్టి దేశమంతా పంపుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వున్న కొడుకులకి సలామీ పంపండని తల్లిదండ్రుల్ని ప్రోత్సహించిన దుకాణం అది. దేవుడే గుడి దిగి గుమ్మంలోకి వస్తున్నాడు. పూజారులకే అభ్యంతరం!

ఆఖరి మాట, అసలు మాట. మాంసానికి ఉప్పు పట్టించింది ఎందుకు? నిలవ వుండటానికి. పొగ వేసింది ఎందుకు? నిలవ వుండటానికి. ఇవాళ చేసి, రేపో ఎల్లుండో, ఎక్కడికో మోసుకుపోయి, ఆకలేసినప్పుడు తియ్యడానికే ఈ తిండి పుట్టింది. ఒకే వీధిలో, ఒకే బల్ల ముందు, అక్కడికక్కడే తినాలనడం దాని స్వధర్మానికే విరుద్ధం. ఫ్రిజ్జులో పొట్లమై కూర్చున్న పాస్ట్రమీ భ్రష్టమైపోలేదు, బయల్దేరిన చోటికి తిరిగొచ్చింది. రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మ, డెలీ మొహం చూడని పల్లెటూరివాడు, వంద డాలర్లకి ముందూ వెనకా చూసుకునే సంసారి, వీళ్ళందరికీ ఇప్పుడది అందుతుంది.

కాబట్టి ఇడ్లీ పాత్ర దించండి, నీళ్ళు మరగనివ్వండి, ఆవాల ముద్ద దగ్గర పెట్టుకోండి. పీఠాలు పీఠాధిపతులకే వుండనిద్దాం. మనకి పీట వుంటే చాలు. వేసుక్కూర్చుని వేడి వేడిగా తిందాం.