ఖాళీ కుర్చీలో యంత్రాన్ని కూర్చోబెడతారా?

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లోని మన కుటుంబాల్లో డిగ్రీ, బీఈడీ పూర్తిచేసిన ఆడపిల్లకు పెద్దలు సంకోచం లేకుండా అంగీకరించే ఉద్యోగం టీచరు ఉద్యోగమే. గౌరవం ఉన్నది, ఊరికి దగ్గర, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. కృత్రిమ మేధ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తర్వాత ఆ ఉద్యోగం నిలుస్తుందా అనే దిగులు ఇప్పుడు ఆ ఇళ్లలో మొదలైంది. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. బోధనలో అనేక వృత్తులున్నాయి. అన్నిటికీ ఒకే ప్రమాదం లేదు.

2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బర్న్ 702 వృత్తులను పరిశీలించి, యంత్రాల వశమయ్యే అవకాశం ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఒక శాతం కన్నా తక్కువని, ఉపాధ్యాయ సహాయకులకు 56 శాతమని అంచనా వేశారు. పదేళ్ల తర్వాత, 2023లో అమెరికాలో ఫెల్టన్, రాజ్, సీమన్స్ చేసిన అధ్యయనంలో, భాషా నమూనాల ప్రభావం అధికంగా పడే వృత్తుల్లో ఫోన్‌లో సరుకులు అమ్మేవారి వెంటనే కళాశాలల్లో భాషాసాహిత్యాలు, చరిత్ర బోధించేవారు నిలిచారు. ప్రభావం పడినంత మాత్రాన ఉద్యోగం పోతుందని అర్థం కాదు. కానీ పెద్ద చదువే రక్షణ కవచమన్న మన నమ్మకం మాత్రం సడలుతున్నది.

మన చుట్టూ చూసినా ఈ తేడా తెలుస్తుంది. మొయినాబాద్ మండలంలో ఇంజనీరింగ్ కళాశాలలు అనేకం ఉన్నాయి. అక్కడి విద్యార్థి ప్రోగ్రామింగ్‌లో సందేహం వస్తే అధ్యాపకుని కన్నా ముందు ఫోన్‌ను అడుగుతున్నాడు. ఇంట్లో ట్యూషన్లు చెప్పే ఆడపిల్లలు, కోచింగ్ కేంద్రాల్లో నోట్సు రాసిచ్చేవారు, స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పేవారు కూడా ఈ ఒత్తిడిని ముందుగా ఎదుర్కొంటారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి, బడిలో తొలిసారి తెలుగు పుస్తకం తెరిచే ఒకటో తరగతి పిల్లవాని సంగతి వేరు. వాడు ఎందుకు మౌనంగా కూర్చున్నాడో పక్కన నిలిచిన టీచరుకు తెలుస్తుంది. మక్తబ్‌లో పిల్లల ఉచ్చారణను అక్షరం అక్షరం దిద్దే ఉస్తాద్, వికలాంగ బాలలకు బోధించేవారు కూడా ఈ కోవలోనివారే.

అయితే ఉద్యోగ భద్రతను యంత్రం శక్తి ఒక్కటే నిర్ణయించదు. ప్రభుత్వ ఉపాధ్యాయునికి సర్వీసు నిబంధనల అండ ఉన్నది. నియామక పత్రం కూడా లేకుండా, చాలీచాలని జీతంతో చిన్న ప్రైవేటు బడిలో పనిచేసే టీచరుకు ఏ అండా లేదు. ఖర్చు తగ్గించాలనుకున్న యాజమాన్యం మొదట ఆమెనే మానిపిస్తుంది.

ఉర్దూ మాధ్యమం విషయంలో మా ఆందోళన ఇంకా పెద్దది. రిజర్వేషన్ రోస్టరులో అర్హులైన అభ్యర్థులు దొరకక ఉర్దూ పోస్టులు డీఎస్సీ తర్వాత డీఎస్సీలో ఖాళీగా మిగిలిపోతున్నాయి. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ నిర్వహించిన తర్వాత కూడా ఈ చిక్కు తీరలేదు. మరోవైపు 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ఎంపిక చేసిన ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ సాయంతో బోధన ప్రారంభించింది. చదువులో వెనుకబడిన పిల్లలకు అదనపు సాధన దొరకడం మంచిదే. దాన్ని మేము వ్యతిరేకించడం లేదు. కానీ టీచరు లేని తరగతిలో కంప్యూటర్ పెట్టి, పోస్టు సంగతి మరచిపోతే అది అన్యాయం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కూడా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. చట్టం లెక్కించేది మనుషులను; తెరలను కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతున్నది. 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా తరగతి గదిలో కనిపించాలి.

కాబట్టి ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు. దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల హక్కుకు భంగం లేకుండా ఉర్దూ ఖాళీల భర్తీకి మార్గం చూపాలి. కృత్రిమ మేధ పాఠాలను ఉర్దూ ఉపాధ్యాయుల భాగస్వామ్యంతో ఉర్దూలోనూ తయారుచేయాలి. ప్రైవేటు టీచర్లకు నియామక పత్రం, కొత్త సాధనాల్లో శిక్షణ తప్పనిసరి చేయాలి.

మన బాధ్యత కూడా ఉన్నది. చేవెళ్ల, మొయినాబాద్ మసీదు కమిటీలు, యువజన సంఘాలు సెలవు రోజుల్లో మన టీచర్లకు ఈ సాధనాలు నేర్పించే ఏర్పాటు చేయవచ్చు. బీఈడీ చేయబోయే అమ్మాయికి శిశువిద్య, ప్రత్యేక విద్య వంటి దారులు కూడా ఉన్నాయని తల్లిదండ్రులు చెప్పాలి. ముందుగా మీ ఊరి బడిలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు అని పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగండి. ఆ లెక్క తేలిన తర్వాతే యంత్రం గురించి మాట్లాడుకుందాం.