పెట్టె విప్పి చూడుడు

ధర్మపురి ప్రాంతమునుండి దుబాయికేగి, ఎండలో చెమటోడ్చి కూడబెట్టిన దిర్హములతో బిడ్డ చదువునకై లాప్‌టాపు కొన్న తండ్రి, నరసింహస్వామి సన్నిధిని పూజ చేయించి విప్పుదమని పెట్టె ముద్రయైనను చెడకుండ గోదావరి యొడ్డునకు చేర్చుట ముచ్చటయే. వివేకము మాత్రము కాదు. 18 ఏండ్లు నిండిన ప్రయాణికునకు ఒక లాప్‌టాపుపై సుంకము లేదు గాని, కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశము దాటదు. కావున అంగడిలోనే దానిని వెలిగించి, తెరను తెల్లగను నల్లగను మార్చి చుక్కలు వెదకి, ప్రతి మీటను నొక్కి, పెట్టె మీది క్రమసంఖ్యను రసీదుతోను యంత్రపు అడుగుభాగముతోను సరిచూచి, చార్జరు తగిలించి చూడవలెను. ఆంగ్లాక్షరముల ప్రక్కన అరబ్బీ లిపి యుండుటయు, ప్లగ్గునకు మూడు పలక ముళ్ళుండుటయు లోపములు కావు. అంగడివాడు విసుగుకొన్నచో విసుగుకొననిండు. ప్రయాణమునకు నాలుగు దినములు ముందుగనే కొనుడు. మార్చుకొనుటకు వ్యవధి యుండును.