నడిసంద్రంలో వాలే డేగ

హైదరాబాద్ పాతబస్తీలో సంతోష్‌నగర్ దాటి డీఎంఆర్‌ఎల్ చౌరస్తా వైపు వెళ్లేవారికి కాంచన్‌బాగ్‌లోని పొడవాటి ప్రహరీ గోడలు బాగా పరిచయం. ఇవతల ఆటోల రద్దీ, చాయ్ హోటళ్ల సందడి. అవతల డీఆర్‌డీఎల్, మిధాని, భారత్ డైనమిక్స్... దేశ రక్షణకు కావలసిన లోహాలు, క్షిపణుల పుట్టిళ్లు. ఇక్కణ్నుంచి సముద్రం ఎంతో దూరం. అయినా నడిసంద్రంలో నౌక మీంచి ఎగిరే ఓ యుద్ధవిమానానికీ ఈ కాంచన్‌బాగ్‌కీ ఇప్పుడు లంకె పడింది. ఆ విమానం పేరు మిగ్-29కె.

నేలమీది యుద్ధవిమానానికి రెండు మూడు కిలోమీటర్ల రన్‌వే ఉంటుంది. అదే మన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య మొత్తం పొడవు 284 మీటర్లే. అందులో విమానం పరుగు తీయడానికి దొరికేది 200 మీటర్ల లోపే! అందుకే నౌక ముందు భాగాన్ని ఎత్తుగా, పైకి వంచి కడతారు. స్కీ జంప్ అంటే ఇదే. మిగ్-29కెకు ఉన్న రెండు ఇంజిన్లూ ఒక్కోటి దాదాపు తొమ్మిది టన్నుల బలంతో ముందుకు తోస్తాయి. విమానం ఆ వంపు ఎక్కి ఒక్క ఉదుటున గాల్లోకి లేస్తుంది.

ఎగరడం ఒక ఎత్తు, దిగడం ఒక్కటీ ఒక ఎత్తు. కింద నౌక కదులుతూ ఉంటుంది. అలలకు ఊగుతూ ఉంటుంది. డెక్ మీద అడ్డంగా మూడు ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. విమానం తోక కింద వేలాడే కొక్కెం వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి. పట్టుకుందా... గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిన విమానం సుమారు వంద మీటర్లలో ఆగిపోతుంది. చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్ల వేగం తగ్గించడు, పూర్తిగా పెంచేస్తాడు! కొక్కెం తప్పిపోతే సముద్రంలో పడకుండా మళ్లీ పైకి లేవాలి కదా మరి. ఇదంతా అమావాస్య చీకట్లో చేయాల్సి వస్తే? 2023 మేలో కొత్త విక్రాంత్ మీద మిగ్-29కె తొలిసారి రాత్రిపూట దిగి చూపించింది.

రెక్కలు మడుచుకుని నౌక కడుపులోని గదిలో ఒదిగిపోవడం, తుప్పు పట్టించే ఉప్పుగాలిని తట్టుకోవడం, గంటకు 2,200 కిలోమీటర్ల దాకా వేగం, గాల్లో శత్రు విమానాన్నీ నీటి మీద శత్రు నౌకనూ కొట్టగలగడం, గాల్లోనే ఇంధనం నింపుకోవడం... ఇవీ దీని ప్రత్యేకతలు.

దీని జాతకం మాత్రం చిత్రమైనది. 1988లో సోవియట్ యూనియన్‌లో మొదటిసారి ఎగిరింది. 1989 నవంబరు 1న తొక్తార్ అవుబకిరోవ్ అనే పైలట్ దాన్ని నౌక మీద దించాడు. 1991లో అంతరిక్షానికీ వెళ్లొచ్చింది ఈయనే. కానీ అదే ఏడాది సోవియట్ యూనియన్ కుప్పకూలింది. ఉన్న కొద్ది డబ్బుతో రష్యా మరో విమానాన్ని, సుఖోయ్-33ను ఎంచుకుంది. మిగ్-29కె మూలన పడింది. దానికి ఊపిరి పోసింది మనదేశమే! గోర్ష్‌కోవ్ నౌకతో పాటు 16 విమానాలు కొంటామని 2004లో ఒప్పందం కుదిరింది. 2010లో మరో 29 అడిగాం. మొత్తం 45. ఆ గోర్ష్‌కోవే ఇప్పటి విక్రమాదిత్య.

మన నౌకాదళానికి ఈ విద్య కొత్తేమీ కాదు. 1971 యుద్ధంలో పాత విక్రాంత్‌ను ముంచాలని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో తానే మునిగిపోయింది. ఆ డిసెంబరు 4న విక్రాంత్ మీంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై విరుచుకుపడ్డాయి. తర్వాత 1983లో సీహారియర్లు వచ్చాయి. నిలువునా కిందికి దిగగల ఆ విమానాల్లో సగానికి పైగా ప్రమాదాల్లోనే పోయాయి. మిగిలినవి 2016 మేలో రిటైరయ్యాయి. సీహాక్, సీహారియర్ రెండూ బ్రిటన్‌వి. మిగ్ రష్యాది. అంటే విమానం మారిన ప్రతిసారీ మనం మరొకరి గుమ్మం ముందు నిలబడ్డామన్నమాట.

ఆ గుమ్మం ఎంత ఖరీదైనదో 2016లో కాగ్ నివేదిక చెప్పింది. మిగ్-29కె విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి ఒక్కో సమయంలో 16 నుంచి 38 శాతం మాత్రమేనట! తీసుకున్న 65 ఇంజిన్లలో 40 లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చింది. డెక్ మీద దిగినప్పటి కుదుపులకూ విమానాలు దెబ్బతిన్నాయి. విడిభాగం కావాలన్నా, మరమ్మతు చేయాలన్నా వేల కిలోమీటర్ల అవతలి ఫ్యాక్టరీ వైపు చూడాలి. ఆ నిరీక్షణకు లెక్క కాగితం మీద శాతాల్లో ఉంటుంది. సముద్రం మీద మాత్రం పైలట్ ప్రాణాలతో ఉంటుంది. 2020 నవంబరులో అరేబియా సముద్రంలో ఓ మిగ్ శిక్షణ విమానం కూలి ఒక పైలట్ మరణించారు.

కాంచన్‌బాగ్ ప్రస్తావన వచ్చేది ఇక్కడే. మిగ్‌తో పాటు దాని క్షిపణులూ రష్యా నుంచి వచ్చినవే. కంటికి కనపడనంత దూరంలో ఉన్న శత్రు విమానాన్ని కూల్చే క్షిపణిని డీఆర్‌డీఓ సొంతంగా రూపొందించింది. పేరు అస్త్ర. సుమారు వంద కిలోమీటర్ల దూరం వెళ్లగలదు. వాయుసేన, నౌకాదళం కోసం వీటిని తయారు చేయడానికి 2022 మే 31న రక్షణ శాఖ భారత్ డైనమిక్స్‌తో 2,971 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. నౌకాదళం దీన్ని మిగ్-29కెకు అమర్చుకుంటుందని అప్పుడే ప్రకటించింది.

మరి విమానం సంగతేమిటి? మన తేజస్ నౌకాదళ నమూనా 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద దిగింది. మనమూ చేయగలమని రుజువైంది. కానీ నౌకాదళానికి కావలసింది రెండు ఇంజిన్ల విమానం. అది తయారయ్యేదాకా ఆగలేక 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ నుంచి 26 రఫేల్ మెరైన్ విమానాలకు ఒప్పందం చేసుకున్నారు. మళ్లీ మరో గుమ్మమే! అయితే ఈసారి చిన్న తేడా ఉంది. రఫేల్ విమానాల ప్రధాన దేహ భాగాలను హైదరాబాద్‌లో తయారు చేయడానికి డసో, టాటా సంస్థలు 2025 జూన్‌లో చేతులు కలిపాయి.

విల్లు ఇంకా కొనుక్కొచ్చిందే. బాణం మాత్రం మనదవుతోంది. డీఎంఆర్‌ఎల్ చౌరస్తాలో సాయంత్రం డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బాతో బస్సు కోసం నిలబడేవాళ్ల చేతుల్లో ఉన్నది ఆ పనే.