వీధి కుళాయికి బాల్ వాల్వు

కంభము చెఱువును చూడని విద్యార్థి మనలో అరుదు. విజయనగర ప్రభువుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టఁబడిన ఆ చెఱువును గజపతుల యాడపడుచు వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. అందఱును కట్టను పొగడుదురు. తూమును తలఁచువారు తక్కువ. కట్ట నీటిని నిలుపును గాని, ఆ నీరు పైరునకు చేరునో వృథాయగునో నిర్ణయించునది తూమే. నేఁడు మన వీధికి తూము కుళాయి.

మర కుళాయిని పరిశీలింపుఁడు. దానిని కట్టుటకు పలుమాఱులు త్రిప్పవలెను. లోపలి రబ్బరు వాషరు అరిగినకొలఁది మఱింత బిగింతుము. బిగించినకొలఁది అది మఱింత చెడును. పూర్తిగా కట్టితిమో లేదో పిడిని చూచి చెప్పలేము.

బాల్ వాల్వు పద్ధతి వేఱు. నడుమ రంధ్రముగల లోహపు గుండొకటి రెండు టెఫ్లాను వలయముల మధ్య ఒదిగియుండును. రంధ్రము గొట్టమునకు సూటిగా నిలిచినపుడు నీరు పాఱును. పిడిని పావు చుట్టు, అనఁగా 90 డిగ్రీలు త్రిప్పినచో గుండు గట్టి ప్రక్క నీటికి అడ్డుపడును. పిడి గొట్టము వెంబడి నున్నచో తెఱచినట్లు, అడ్డముగా నున్నచో మూసినట్లు. చదువురాని అవ్వయు, అయిదేండ్ల బాలుఁడును దూరమునుండియే తెలిసికొందురు. కావున వీధి కుళాయిలకు ఇదియే తగినదని నా యభిప్రాయము.

దీనికి దోషములు లేకపోలేదు. సగము తెఱచి యుంచినచో నీటి వడికి వలయములు చెడును. కావున ధారను హెచ్చుతగ్గులు చేయుటకు ఇది తగదు. పొడవైన గొట్టములో వడిగా పాఱు నీటిని హఠాత్తుగా ఆపినచో గొట్టమదరును. మెల్లగా, పూర్తిగా త్రిప్పుట పిల్లలకు నేర్పవలెను.

ఇంత చిన్న విషయమునకు ఇంత చర్చ యేల యనువారు, వేసవిలో బోరులెండినపుడు బిందెలతో ట్యాంకరుకై నిలుచు తల్లుల నడుగుదురు గాక! మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములందు పలు గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. అట్టిచోట దూరమునుండి వచ్చిన మంచినీరు మురుగుకాలువ పాలగుట పాపము కాదా?

అయిదువేలమందికి ఆహారము పెట్టిన ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించెను. సమృద్ధిని కలుగఁజేసినవాఁడే వ్యర్థము కానీయలేదు. కఱవునేలవారమగు మనకు ఆ విధి లేదా? విద్యార్థులారా! ఎంత మంచి వాల్వైనను తనంతట తాను మూసికొనదు. తెఱచియున్న పిడి కంటఁబడినపుడు, తెఱచినవారెవరని విచారింపక మీరే త్రిప్పుఁడు.