గడ్డ ఆకలికి రోగిని పస్తు పెట్టకండి

"మావారికి ఊపిరితిత్తిలో కాన్సరు. ఇల్లు తాకట్టు పెట్టి ఇమ్యునోథెరపీ చేయిస్తున్నాం. 4 ఇంజెక్షన్లయినా గడ్డ తగ్గలేదన్నారు. కాన్సరుకు పంచదారే ఆహారమని ఎవరో చెప్పగా నెల రోజులుగా అన్నం, పాలు, పండ్లు మాన్పించాను. 6 కిలోలు తగ్గిపోయారు. మందు పనిచేయకపోవడానికి నా వంటే కారణమా?" అని ఒక సోదరి వ్రాశారు.

అమ్మా, మీ వంట కారణం కాదు. కాని ఆ పథ్యం మాత్రం ఈ రోజే ఆపండి. ఎందుకో చెబుతాను.

మన రక్తంలోని తెల్లకణాలలో టి-కణాలనేవి ఒక రకం. ఇవి కాన్సరు కణాన్ని గుర్తుపట్టి చంపగలవు. అయితే మన సొంత అవయవాల మీదనే విరుచుకుపడకుండా ప్రకృతి వీటికి బ్రేకులు అమర్చింది. గడ్డ ఆ బ్రేకునే నొక్కి పట్టుకుంటుంది. దాన్ని వదిలించే వైద్యానికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్ (అమెరికా), తసుకు హోంజో (జపాను)లకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. పెంబ్రొలిజుమాబ్, నివోలుమాబ్ వంటి ఇంజెక్షన్లు చేసే పని ఇదే. వీటివల్ల కొందరికి గడ్డ కరిగి ఏళ్ల తరబడి తిరిగి రాదు. చాలామందికి అంత ఫలితం కనబడదు. కారణాలు అనేకం. అందులో ఒకటి గడ్డ ఆకలి.

బ్రేకు వదిలినంత మాత్రాన బండి కదలదు, పెట్రోలు కూడా ఉండాలి. టి-కణాలు పెరిగి పోరాడాలంటే గ్లూకోజు కావాలి. కాన్సరు కణం మామూలు కణం కంటే ఎన్నో రెట్లు గ్లూకోజు లాక్కుంటుందనీ, ప్రాణవాయువు ఉన్నా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటికి వదులుతుందనీ జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. పెట్ స్కాన్‌లో గడ్డ వెలుగుతూ కనబడేది ఈ ఆకలి వల్లనే. గడ్డ లోపల తిండికి కరువు, గాలికి కరువు, పైగా ఆమ్లం. అక్కడికి చేరిన టి-కణం నీరసించిపోతుంది.

"అయితే తిండి మానితే గడ్డ కూడా మాడుతుంది గదా?" అంటారేమో. అక్కడే పొరపాటు. తిండి తగ్గితే కాలేయం ఊరుకోదు. కండలను కరిగించి అయినా గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. గడ్డ తన వాటా తాను లాక్కుంటూనే ఉంటుంది. చిక్కిపోయేది రోగి.

ఈ ఆకలిని మందులతో అడ్డుకోవాలని శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తూనే ఉన్నారు. ట్రిప్టోఫాన్ అనే పోషకాన్ని గడ్డ హరించకుండా ఆపే ఎపకాడోస్టాట్ బిళ్లలను, పెంబ్రొలిజుమాబ్‌తో కలిపి మెలనోమా అనే కాన్సరు రోగులకు ఇచ్చి చూశారు. అదనపు ప్రయోజనం లేదని 2018లో తేలింది. అంత గురిచూసి తయారుచేసిన మందుకే లొంగని గడ్డ వంటింటి పథ్యానికి లొంగుతుందా?

ఇక మీరు చేయవలసినవి:

తగ్గిన బరువు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆహారం ఒక్కసారిగా కాక, కొద్దికొద్దిగా రెండు మూడు గంటలకొకసారి పెట్టండి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది సయిస్తే అది. మధుమేహం ఉంటే దాని పథ్యం మానవద్దు.

రోగనిరోధక శక్తిని పెంచుతాయని అమ్మే పొడులు, లేహ్యాలు డాక్టరును అడగకుండా వాడవద్దు.

విరేచనాలు, ఆయాసం, కామెర్లు, విపరీతమైన నీరసం కనబడితే ఇంటివైద్యం చేయక అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. బ్రేకు వదిలిన కణాలు సొంత అవయవాల మీద పడ్డాయేమో చూడాలి. ఇంజెక్షన్లు ఆపిన కొన్ని నెలలకు కూడా ఇలా జరగవచ్చు.

ఈ వైద్యం కొనసాగించాలా, మార్చాలా అని డాక్టరును నిర్మొహమాటంగా అడగండి. తాకట్టు పెట్టినది మీ ఇల్లు, అడిగే హక్కు మీకుంది.

ఈ పూట మీవారికి మెత్తగా పప్పన్నం కలిపి పెట్టండి. పక్కన కూర్చుని మీరూ తినండి. నెల రోజులుగా మీరూ సరిగా తిని ఉండరు.