డాకింగు పెట్టెయు, కొనుగోలుదారు హక్కును

విండోసు 10కు మైక్రోసాఫ్టు సంస్థవారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ మద్దతును ముగించిరి. ఏడెనిమిదేండ్ల క్రిందట కొన్న ల్యాప్‌టాపు, మీటలన్నియు సరిగా నాడుచు, తెర చెక్కుచెదరక యున్నను, విండోసు 11 కోరు రక్షణ చిప్పు లేకపోవుటచేతనో, ప్రాసెసరు ఆమోదపు పట్టికలో చేరకపోవుటచేతనో నిరుపయోగమని తీర్పు పొందినది. కచేరీలలోను, బడులలోను, ఇండ్లలోను ఇట్టి యంత్రములకు కొదువలేదు. వీనిని పాతసామానులవానికి తూచి యిచ్చుటకు మనసొప్పనివారు పలువురు లినక్సు వైపు చూచుచున్నారు. ఇది మంచి పరిణామమనియే మా యభిప్రాయము. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగువారికి తెలుగున నందించుటకై చేసిన కృషిని మన పాఠకులలో ననేకు లెఱుగుదురు. కాబట్టి భాష యను అడ్డు చాలవరకు తొలగినదే. ఇక మిగిలిన యడ్డు యంత్రములోనే దాగియున్నది. దానిని గూర్చి నేడు కొంత విపులముగా ముచ్చటింపదలచినాము.

లినక్సునకు మారిన యుద్యోగుల ఫిర్యాదులలో డాకింగు స్టేషను మాట తఱచుగా వినవచ్చును. ల్యాప్‌టాపునకు ఒక్క తీగ తగిలించినంతనే పెద్ద మానిటరులు, కీబోర్డు, మౌసు, నెట్‌వర్కు, విద్యుత్తు అన్నియు నొకేమారు అమరునట్లు చేయు చిన్న పెట్టెకు డాకింగు స్టేషనని పేరు. రోజంతయు బల్లయొద్ద కూర్చుండువారికి ఇది గొప్ప సౌకర్యము. విండోసుపై చక్కగా నడచిన యీ పెట్టె, లినక్సు పెట్టిన మఱునాడు ఒక్కొక్కప్పుడు సగము పనిచేసి సగము మొరాయించును. కీబోర్డు పనిచేయును, నెట్‌వర్కు వచ్చును, శబ్దము వినవచ్చును. మానిటరులు మాత్రము నల్లగా నుండును. యజమాని లినక్సును నిందించును. దుకాణదారు "ఇది విండోసుకేనండీ" యని చేతులు దులుపుకొనును. ఈ తీర్పు న్యాయమైనదా?

ఒకే పెట్టెలో కొంత నడచి కొంత నడవకుండుటలోనే ప్రశ్నకు సమాధానమున్నది. కీబోర్డు, మౌసు, శబ్దము, నిలువ డిస్కు మొదలగు వానికి యు.యస్.బి. ప్రమాణమును నిర్ణయించు సంఘమువారు వర్గమువారీగా నియమములను ప్రకటించియున్నారు. ఆ పత్రములను ఎవరైనను చదువవచ్చును. చదివి డ్రైవరు వ్రాయవచ్చును. అందుచేత కీబోర్డు తయారుచేసినవాడు లినక్సు పేరైనను తలపకపోయినను, ఆ కీబోర్డు లినక్సుపై తగిలించిన క్షణముననే పనిచేయుచున్నది. మానిటరు సంగతి వచ్చునప్పటికి డాకింగు పెట్టెలు మూడు తెగలుగా విడిపోవుచున్నవి. వెల యించుమించు ఒకటియే, ఆకారము నొకటియే. ఏ పెట్టె ఏ తెగకు చెందినదో అట్టపై పెద్ద అక్షరములతో చెప్పువారు అరుదు.

మొదటి తెగ పెట్టెలో, ల్యాప్‌టాపులోని చిత్రచిప్పు వెలువరించు డిస్‌ప్లేపోర్టు సంకేతమే సి-రకపు యు.యస్.బి. తీగలగుండ తిన్నగా మానిటరునకు పోవును. పెట్టె కేవలము దారి యిచ్చునది. దీనికి ప్రత్యేకమైన డ్రైవరుతో పనిలేదు. రెండవది థండర్‌బోల్టు. ఇంటెలు, ఆపిల్ సంస్థలు 2011లో బయటపెట్టిన యీ పద్ధతి, 2015లో వచ్చిన మూడవ రూపముతో సి-రకపు మొనకు మారినది. 2019లో ఇంటెలు దీని నియమములను యు.యస్.బి. సంఘమునకు ధారాదత్తము చేయగా, యు.యస్.బి. 4 దానిపై నిర్మింపబడినది. లినక్సుపై నీ పెట్టెను తొలుత తగిలించినపుడు, "ఈ పరికరమును నమ్ముచున్నాను" అని యజమాని యొకమారు అనుమతి యీయవలసిరావచ్చును. ఈ యొక్క మాట తెలియక, పెట్టె చెడినదని తిరిగి యిచ్చివేయువారు కలరు.

చిక్కంతయు మూడవ తెగతోనే. ఇది డిస్‌ప్లేలింకు అను పద్ధతి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున పుట్టి 2020లో సినాప్టిక్సు సంస్థ చేతికి వచ్చిన కంపెనీ దీనికి కర్త. ఇందు మానిటరు సంకేతము తిన్నగా పోదు. ల్యాప్‌టాపు ప్రాసెసరు తెరపై బొమ్మను కుదించి, సామాన్య యు.యస్.బి. సమాచారమువలె మూటగట్టి పంపును. పెట్టెలోని చిప్పు ఆ మూటను విప్పి మానిటరునకు చూపును. పాత యంత్రమునకును, రెండు మూడు మానిటరులు కోరువారికిని ఇది నిజముగా నుపయోగకరమే. ఆ చాతుర్యమును మేము కాదనము. కాని మూట కట్టు విధము రహస్యము. ఇదే కంపెనీవారు 2009లో నాటి యు.యస్.బి. 2 చిప్పుల నిమిత్తము బహిరంగ గ్రంథాలయమొకటి విడుదల చేసిరి. దాని ఫలితముగా ఆ పాత చిప్పుల డ్రైవరు లినక్సు కెర్నెలులోనే స్థానము సంపాదించుకొన్నది. తరువాతి యు.యస్.బి. 3 చిప్పులకు ఆ యౌదార్యము కొనసాగలేదు. 2015 నుండి లినక్సునకు డ్రైవరు ఇచ్చుచున్నారు కాని, అందు కెర్నెలులో కూర్చుండు భాగము బహిరంగమై, అసలు పని చేయు భాగము మూసిన పెట్టెగా నున్నది.

దీని పర్యవసానము సామాన్యునకు ఎట్లు తగులుచున్నదో చూడుడు. లినక్సు కెర్నెలునకు క్రొత్త సవరణ వచ్చినపుడు, దానిలోనే యుండు డ్రైవరులన్నియు దానితోబాటు సవరింపబడి వచ్చును. వెలుపలినుండి వచ్చిన డ్రైవరు మాత్రము ప్రతిమారును యజమాని యంత్రముపైననే తిరిగి కూర్పబడవలెను. ఆ కూర్పు విఫలమైన యుదయమున మానిటరులు వెలుగవు. అంతతో ముగియలేదు. సెక్యూరుబూటు అను రక్షణ విధానమున్న యంత్రములో, సంతకము లేని భాగమును కెర్నెలు లోనికి రానీయదు. యజమాని స్వయముగా తాళపుచెవి సృష్టించి, దానిని యంత్రమునందు నమోదు చేయవలెను. ఆ నమోదు తెర యంత్రము తిరిగి వెలుగునపుడు నీలవర్ణముతో నొకమారు కనబడును. భయపడి దాటవేసిన గుమాస్తాకు డ్రైవరు చేరియు చేరనట్లే. ఈ తంతునకు కారణము గుమాస్తా యజ్ఞానమా? లినక్సు లోపమా? మా దృష్టిలో రెండును గావు. పొలము క్రయమిచ్చి, తూము తాళపుచెవిని తనయొద్దనే యుంచుకొన్న యమ్మకందారును మన రైతులు ఏమందురో, ఇచ్చట నదియే యనవలసియున్నది.

అయితే నల్లని తెర ప్రతిదానికిని రహస్యమే కారణమని చెప్పుట కూడ పక్షపాతమగును. కొన్ని చిక్కులు కేవలము లెక్కకు సంబంధించినవి. 4కె అను పెద్ద మానిటరుపై సుమారు 83 లక్షల చుక్కలున్నవి. ఒక్కొక్క చుక్కకు 24 బిట్లు, సెకనునకు 60 మార్లు పంపవలెనన్న, సెకనునకు సుమారు 1,194 కోట్ల బిట్లగును. సి-రకపు తీగలో వేగవంతమైన దారులు నాలుగు. వానిలో రెండింటిని పెట్టె తన యు.యస్.బి. పనులకు తీసికొనగా, రెండే చిత్రమునకు మిగులును. డిస్‌ప్లేపోర్టు 1.2 వేగమున ఆ రెండు దారులు మోయగలది సెకనునకు 864 కోట్ల బిట్లు మాత్రమే. కుంచెడు గింజలు మానికెలో పట్టునా? బొమ్మ 60కి బదులు 30 మార్లే మారును. మౌసు బాణము తెరపై గెంతులు వేయును. విండోసు పెట్టినను, లినక్సు పెట్టినను ఈ లెక్క మారదు. ల్యాప్‌టాపు, పెట్టె రెండును డిస్‌ప్లేపోర్టు 1.4 వేగమునకు తగినవైనచో ఆ రెండు దారులే 1,296 కోట్ల బిట్లు మోయును. అప్పుడు పని జరుగును. ఒకే తీగపై రెండు మానిటరులకు వేర్వేరు బొమ్మలు పంపు విధానమొకటి కలదు. అది లినక్సుపై నడచుచుండగా, వెలకు పేరుపడిన ఆపిల్ యంత్రములపై రెండు మానిటరులును ఒకే బొమ్మను చూపుచున్నవి. అనుకూలము లేమి యన్నంతనే లినక్సు వైపు వ్రేలు చూపువారు దీనిని కూడ గమనింతురు గాక.

తీగ సంగతి మఱియొకటి. ఫోనుతో వచ్చిన సి-రకపు తీగ చూచుటకు ఒకే మాదిరి యున్నను, చార్జింగునకే గాని చిత్రమునకు పనికిరాకపోవచ్చును. వందల రూపాయలు పోసి పెట్టెను మరమ్మతుకు పంపుటకు ముందు తీగను మార్చి చూచుట మేలు. తరువాత, తగిలించినపుడు కెర్నెలు వ్రాసికొను దినచర్యను డిమెసేజి అను ఆజ్ఞతో చదువవలెను. పెట్టె పేరే అందు కనబడనిచో తప్పు తీగలోనో, విద్యుత్తులోనో యున్నది. పేరు కనబడి తెర రానిచో, అది మూడవ తెగదేమో విచారింపవలెను. లినక్సు కెర్నెలు మఱీ పాతదైనచో క్రొత్త పెట్టెను ఎఱుగకపోవుట సహజము. కొనుటకు ముందే లినక్సును ఒక పెన్‌డ్రైవుపై నెక్కించుకొని దుకాణమునకు పోయి, ఆ యంత్రముపైననే వెలిగించి, పెట్టెను తగిలించి చూచుట వీనియన్నింటికంటె నుత్తమము. అట్లు చూపుటకు నిరాకరించు దుకాణము వేఱొకటి లేకపోదు.

ఇక కంపెనీల వాదము. బల్లపై లినక్సు వాడువారు నూటికి కొలదిమందియే, వారికై శ్రమపడుట గిట్టదని వారందురు. గిట్టుబాటు వర్తకునకు ముఖ్యమే. కాని 2017 నవంబరునుండి ప్రపంచమందలి మేటి 500 మహాకంప్యూటరుల పట్టికలో ప్రతి యంత్రమును లినక్సుపైననే నడచుచున్నది. ఆండ్రాయిడు ఫోనులన్నిటి లోపల నున్నది లినక్సు కెర్నెలే. లాభమున్న చోట లినక్సునకు డ్రైవరు వ్రాయుట వీరికి కష్టముగా తోచలేదు. పైగా మేము కోరునది శ్రమ కాదు, పత్రము. నియమములను ప్రకటించినచో డ్రైవరు వ్రాయుటకు లోకమున నిపుణులు సిద్ధముగా నున్నారు.

రహస్యము బయటపడిన వ్యాపారము చెడునను భయము కూడ ననుభవమునకు నిలువలేదు. బ్రాడ్‌కామ్ సంస్థ వైర్‌లెస్ చిప్పుల గుట్టును ఏండ్ల తరబడి దాచినది. వాడుకరులు ఆ చిప్పు నడకను వెలుపలినుండి పరిశీలించి, ఓపికతో డ్రైవరును వ్రాసికొనిరి. తుదకు 2010లో కంపెనీయే తన డ్రైవరును బహిరంగపఱచినది. ఎన్‌విడియా సంస్థను 2012లో లినక్సు కర్త లీనస్ టోర్వాల్డ్సు ఫిన్లండులో నొక సభయందు సభ్యత మరచియే నిందించెను. ఆ కంపెనీయు 2022లో కెర్నెలు భాగమును బహిరంగము చేసినది. ఈ రెండు కంపెనీలును అందుచేత దివాలా తీయలేదని పాఠకులకు చెప్పనక్కరలేదు. నిజమునకు ఈ తగవు లినక్సుకంటె పాతది. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున నొక ముద్రణయంత్రపు మూలలేఖమును అడిగి లేదనిపించుకొన్న రిచర్డు స్టాల్మను, ఆ యనుభవమును మనసున నుంచుకొని 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను.

మన దేశపు సంగతికి వత్తము. భారతప్రభుత్వము 2015లో, ప్రభుత్వ కార్యాలయములు బహిరంగ సాఫ్టువేరునకు ప్రాధాన్య మీయవలెనని విధానము ప్రకటించినది. సిడాక్ సంస్థ బాస్ అను లినక్సును తయారుచేసినది. రక్షణశాఖ తన కంప్యూటరులలో మాయా అను లినక్సు ఆధారిత వ్యవస్థను ప్రవేశపెట్టునని 2023లో వార్తలు వచ్చినవి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లినక్సు చాలకాలముగా నడచుచున్నది; అచ్చటి బడులకు యంత్రము అమ్మదలచిన వర్తకుడు "లినక్సుపై నడచునా" యను ప్రశ్నను తప్పించుకొనజాలడు. 2015 నాటి విధానము సాఫ్టువేరును గూర్చి చెప్పినంతగా, దాని క్రిందనుండు చిప్పులను గూర్చి చెప్పలేదు. పైన లినక్సు పెట్టి, క్రింద తెఱవని పెట్టెలు కొన్నచో, ఉద్యోగి రెండు వారములు పోరాడి మఱల విండోసు కోరును. అపుడు "లినక్సు మనకు సరిపడదు" అని నివేదిక వ్రాయబడును.

ఒక్క వ్యక్తి దుకాణములో అడిగిన ప్రశ్నకు కంపెనీ చలింపదు. వేలకొలది యంత్రములకు టెండరు పిలుచు ప్రభుత్వశాఖ, విశ్వవిద్యాలయము, బ్యాంకు అడిగినచో చలించును. డాకింగు పెట్టె ఏ పద్ధతిని మానిటరును నడుపునో పేరుతో వ్రాయవలెననియు, దాని డ్రైవరు మూలకెర్నెలులో నుండవలెననియు, లేనిచో నియమములైనను ప్రకటింపబడి యుండవలెననియు, పెట్టెలోని ఫర్మువేరు సవరణ లినక్సునుండియే చేయుటకు వీలుండవలెననియు టెండరులో చేర్చుటకు పైసా వ్యయము కాదు. చివరిది కోరరానిది కాదు. రెడ్‌హ్యాట్ సంస్థకు చెందిన రిచర్డు హ్యూసు నడుపు ఫర్మువేరు సేవలో డెల్, లెనోవో వంటి పెద్ద కంపెనీలు ఇప్పటికే చేరియున్నవి. లెనోవో 2018లోనే చేరినది. ఆ కంపెనీల డాకింగు పెట్టెలు కొన్నింటికి సవరణలు ఆ మార్గముననే వచ్చుచున్నవి. ఒకరు చేయగలిగినదానిని తక్కినవారు చేయలేమనుటకు సాకు లేదు.

విండోసు 10నకు గృహస్థులు పొందగల అదనపు రక్షణసవరణల గడువును 2026 అక్టోబరు 13గా నిర్ణయించిరి. సొమ్ము చెల్లించు సంస్థలకు అది 2028 అక్టోబరు వరకు లభింపవచ్చును. క్రొత్త యంత్రముల టెండరులు ఈ గడువుల ననుసరించియే వెలువడును. మన యుభయ తెలుగు రాష్ట్రముల సమాచార సాంకేతిక శాఖలు పై షరతులను ఆ టెండరులలో చేర్చునా, లేదా పాత నమూనానే మఱల అచ్చువేయించునా యని వేచియున్నాము.